వన్స్‌మోర్: సంగీత నాటక పునఃప్రదర్శనము, ప్రేక్షకుడు

సంగీత నాటకం ఆడిన ప్రతి ఊరిలోను రెండు ఇంగ్లీషు మాటలు దేశ్యపదాలవలె స్థిరపడినవి: ‘వన్స్ మోర్’. ఇంగ్లీషు అక్షరం దిద్దనివారు కూడ వీనిని సందర్భశుద్ధితో ప్రయోగించినారు. పూనాలో, హుబ్బళ్ళిలో, బెజవాడలో, తెనాలిలో పాటగాని పద్యంగాని ముగిసీ ముగియకముందే వెనుక వరుసలనుండి ఈ కేక లేచేది. హార్మోనియం మళ్ళీ శ్రుతి పట్టేది. నటుడు, కథలో తానెక్కడ నున్నాడో మరచి, మొదటి పాదానికి వెళ్ళేవాడు. రంగంమీద కన్నుమూసిన పాత్ర ఈ కేక విని లేచి, పద్యం పాడి, మరల పడిపోయిన ముచ్చటలు తెలుగునాట హాస్యకథలుగా ఇంకను వినిపించును. విమర్శకులలో పలువురు దీనిని ప్రేక్షకుల మోటుదనానికి నిదర్శనమని చెప్పి ఊరకున్నారు. అంతమాత్రాన విషయం తేలదు. పాత సంగీత నాటకాన్ని పునఃప్రదర్శించుట అనగా ఒక సమాజం తన గతాన్ని గూర్చి వన్స్‌మోర్ అనుటయే గదా. ఆ కేక కోరుచున్నది పాటనా, పాడినవానినా, మొదటిసారి విన్ననాటి తన వయస్సునా అన్నది పరిశీలింపదగిన ప్రశ్న.

భరతుడు నాట్యశాస్త్రం ఇరువది యేడవ అధ్యాయంలో ప్రేక్షకుల స్పందనను ‘సిద్ధి’ అను పేర విచారించినాడు. సిద్ధి రెండు విధాలు: మానుషి, దైవికి. మానుషిలో నోటితో తెలిపేవి కొన్ని, శరీరంతో తెలిపేవి కొన్ని. చిరునవ్వు, సగం నవ్వు, పెద్ద నవ్వు, ‘సాధు’ అనుట, ‘అహో’ అనుట, ‘కష్టం’ అనుట, ఎడతెగని కోలాహలం మొదటి తెగకు చెందినవి. ఒడలు గగుర్పొడుచుట, ఆసనం విడిచి లేచుట, మీది వస్త్రం తీసి నటునకిచ్చుట రెండవ తెగవి. ఇక దైవిక సిద్ధికి చెప్పిన లక్షణం ఆశ్చర్యకరమైనది: చప్పుడు లేదు, కలత లేదు, ఉత్పాతం లేదు, రంగశాల నిండుగా ఉన్నది, అంతే. నవ్వులో సైతం మూడు తరగతులు లెక్కించిన ఆ ముని ఈ పట్టికలో ‘మరల పాడుము’ అనుదానిని చేర్చలేదు. సాధువన్నవాడు జరిగినదానిని మెచ్చినాడు. మరల పాడుమన్నవాడు జరుగనున్నదానిని ఆపినాడు. ఈ భేదం చూడగా స్వల్పమే గాని నాటకానికి ఆయువుపట్టు.

ఈ విచారణకు మరాఠీ రంగస్థలం మంచి ఉదాహరణ. 1880 అక్టోబరు 31న పూనాలో బళవంత పాండురంగ కిర్లోస్కరు తన ‘శాకుంతలం’ ప్రదర్శించినాడు. రెండేండ్లకు ‘సౌభద్రం’ వచ్చినది. ఈ నాటకాలలో పాటలు నూటికి పైబడినవి; ప్రదర్శన రాత్రి మొదలై తెల్లవారుజామువరకు సాగేది. తరువాత ఖాడిల్కరు ‘మానాపమానం’, ‘స్వయంవరం’ వచ్చినవి, బాలగంధర్వుడు వచ్చినాడు. 1921 జూలైలో, తిలక్ స్వరాజ్య నిధికై, పరస్పరం పోటీగా నిలిచిన రెండు నాటక సంస్థల అధిపతులు బాలగంధర్వుడు, కేశవరావు భోసలే ఒకే రంగంమీద ‘మానాపమానం’ ఆడినారు. ఆ రాత్రికి పదేండ్ల క్రితపు నాటకం అది. కథ ఎల్లరెరిగినదే, పాటలు ఎల్లరికి కంఠస్థములే. సభ వచ్చినది ఇద్దరు గాయకులను పక్కపక్కన వినుటకు. మూడు నెలలలో భోసలే కాలధర్మం చెందుటచే ఆ రాత్రి మరింత పురాణమైపోయినది. మరాఠీ ప్రేక్షకుడు అప్పటినుండి ఏ పునఃప్రదర్శనకు పోయినను, లోపల ఎక్కడో ఆ రాత్రిని వెదకుచునే ఉన్నాడని చెప్పవచ్చును.

1931 తరువాత టాకీలు వచ్చి ఈ సంస్థలను కూల్చివేసినవి. వెనుకటి వైభవాన్ని మరల నిలిపిన నాటకాలలో రెండు ఇక్కడ ముఖ్యం. మొదటిది 1960లో వచ్చిన విద్యాధర గోఖలే ‘పండితరాజ జగన్నాథ’. భోసలే స్థాపించిన లలితకళాదర్శ సంస్థయే దీనిని ప్రదర్శించినది. ఈ నాయకుడు తెలుగువాడు. కోనసీమలోని ముంగండ అగ్రహారం ఆయన స్వగ్రామమని ప్రతీతి. మన జగన్నాథుడు షాజహాను కొలువులో లవంగితో ప్రేమలో పడి, మరాఠీలో నాట్యగీతాలు పాడుట తెలుగు రచయితలకు తెలియవలసిన విశేషం. తెలుగు రంగస్థలం ఆయనను అంతగా పట్టించుకొనలేదనుట చిన్న నిష్ఠూరంగా ఇక్కడ చేర్చవచ్చును. రెండవది 1967 డిసెంబరులో వచ్చిన పురుషోత్తమ దార్వ్హేకరు ‘కట్యార్ కాళజాత్ ఘుసలీ’, అనగా కటారి గుండెలో దిగినది. బాలగంధర్వుడు ఆ ఏటి జూలైలోనే గతించినాడు.

‘కట్యార్’ కథ సంగీతాన్ని గూర్చిన కథ. ఒక సంస్థానంలో ఇద్దరు గాయకులు: పండిత భానుశంకరుడు, ఖాన్‌సాహెబు ఆఫ్తాబ్ హుసేను. ఏండ్ల తరబడి ఓటమి చవిచూసిన ఖాన్‌సాహెబు ఒకనాడు ఆస్థాన గాయకుడగును. పదవితోపాటు భవనం వచ్చును, ఒక కటారి వచ్చును. ఆ కటారితో చేసిన ఒక హత్యకు రాజ్యంలో క్షమ ఉన్నది. పండితుని శిష్యుడు సదాశివుడు గురువు వెళ్ళిపోయిన ఇంటికి వచ్చి, చాటుగా ఖాన్‌సాహెబు గానం విని నేర్చుకొనును. ఒకే పాటను ఇద్దరు గాయకుల పద్ధతులలో, ఒకటి నింపాదిగా, ఒకటి వడిగా, రెండు విధాల వినిపించిన జితేంద్ర అభిషేకి సంగీతం ఈ నాటకానికి ప్రాణం. ఖాన్‌సాహెబుగా వసంతరావు దేశపాండే పాడినాడు.

ఈ నాటకం ఎందుకు నిలిచినదన్న ప్రశ్నకు సాధారణంగా చెప్పే జవాబు సంగీతం మంచిదని. అది నిజమే గాని చాలదు. సంగీతం మంచిదైన నాటకాలు పదుల సంఖ్యలో మరుగునపడినవి. ఈ నాటకంలో కథలోనే సభ ఉన్నది, పాటకు పోటీ ఉన్నది, తీర్పు చెప్పే రాజు ఉన్నాడు. హాలులోని ప్రేక్షకుడు వన్స్‌మోర్ అన్నప్పుడు అతడు కథను ఆపుటలేదు. రాజసభలో తానొక సభ్యుడై కూర్చున్నాడు. గాయకుడు మరల పాడినను అది సదస్సులో జరుగదగినదే. ‘సౌభద్రం’లో విరహంతో పాడే నాయిక పాటను తిరిగి మొదలుపెట్టిన క్షణాన ఆమె విరహిణి కాదు, గాయని. ‘కట్యార్’లో ఆ ప్రమాదం తక్కువ. దార్వ్హేకరు ప్రేక్షకుని దురలవాటును మాన్పింప జూడలేదు. దానికి కథలో ఒక కుర్చీ వేసి కూర్చుండబెట్టినాడు. నాటక రచనలో ఇట్టి లౌక్యం తక్కువగా కనిపించును.

2010లో ఈ నాటకం పునఃప్రదర్శితమైనది. దర్శకుడు సుబోధ్ భావే; సదాశివునిగా మహేశ్ కాళే; ఖాన్‌సాహెబుగా వసంతరావు మనుమడు రాహుల్ దేశపాండే. తాత గతించిన 1983 నాటికి ఈ మనుమనికి నాలుగేండ్లు నిండలేదు. కనుక తాత ఎదుట కూర్చుండి నేర్చినది కాదు. మరల సంపాదించుకొన్న విద్య. ఇక్కడ ఒక విచిత్రం జరిగినది. నాటకంలోని కథ ఏమి? దక్కనివ్వని గానాన్ని ఒక యువకుడు చాటుగా విని దక్కించుకొనుట. రంగంమీద జరిగినదేమి? వెళ్ళిపోయిన కంఠాన్ని ఒక యువకుడు రికార్డులలో విని, గురువులవద్ద సాధన చేసి, అందుకొన జూచుట. సదాశివుని కథ ఖాన్‌సాహెబు వేషంలో ఉన్న నటునకే పట్టినది. ఇది దార్వ్హేకరు వ్రాసినది కాదు. కాలం వ్రాసి ప్రేక్షకుని చేతికిచ్చినది.

అందువల్లనే ఇట్టి ప్రదర్శనలో చప్పట్లకు అర్థం చెప్పుట సులభం కాదు. పాతవాడు ఒకడు కన్నులు మూసుకొని వినును. అతని చెవిలో రెండు కంఠాలు. తాత స్వరం పలికినచోట ఉలిక్కిపడి ‘వాహ్వా’ అనును, పలుకనిచోట మౌనంగా మినహాయింపు వేసికొనును. పక్కన కూర్చున్న యువకునకు పోల్చుకొనుటకేమియు లేదు. వాడు కథను చూచుచున్నాడు, ఖాన్‌సాహెబు కటారి ఎత్తినపుడు వానికి నిజంగా భయం కలిగినది. వీరిద్దరిలో నాటకం చూచినవాడెవడు? పాతవాని ఆనందాన్ని తక్కువచేయుట అన్యాయం. ఎక్కువచేయుట అంతకన్న పొరపాటు.

ఇచ్చట మన జగన్నాథుడే అక్కరకు వచ్చును. రసగంగాధరంలో ఆయన కావ్యలక్షణం చెప్పుచు, రమణీయతకు లోకోత్తరమైన ఆహ్లాదం ఫలమన్నాడు. వెంటనే ఒక హెచ్చరిక చేసినాడు. నీకు కొడుకు పుట్టినాడనియో, నీకు ధనమిచ్చెదననియో చెప్పినపుడు కలిగే సంతోషం కూడ సంతోషమే. అయితే అది లోకోత్తరం కాదు, కనుక ఆ వాక్యం కావ్యం కాదు. మనుమడు తాతవలె పాడినాడన్న సంతోషం ఈ రెండవ జాతిది. వంశం నిలిచినదన్న శుభవార్త అది. బంధువర్గానికి సహజం, సభకు సైతం సహజమే. కాని దానిని నాటకం ఇచ్చిన ఆనందంగా లెక్కవేయరాదు. పునఃప్రదర్శనల విజయాన్ని గూర్చి పత్రికలలో వచ్చే ప్రశంసలను ఈ జల్లెడలో పోసినచో మిగిలేది కొంచెమే. ఆ కొంచెంలో ‘కట్యార్’ది ఉన్నది, నాటకం తెలియని యువకుడు భయపడినాడు గనుక ఉన్నది.

అదే సందర్భంలో జగన్నాథుడు మరొక మాట అన్నాడు. ఆ లోకోత్తరాహ్లాదానికి కారణం ఒక విధమైన భావన. మరల మరల అనుసంధానం చేయుట దాని స్వరూపం. చూడగా ఇది వన్స్‌మోర్‌కు శాస్త్రప్రమాణంవలె ఉన్నది! కాని అనుసంధానం చేయవలసినది సహృదయుని మనస్సు, గాయకుని గొంతు కాదు. చెవి కోరిన పునరావృత్తి వేరు, మనస్సు చేసికొన్న పునరావృత్తి వేరు. మొదటిదానిలో పాట పెరుగును. రెండవదానిలో అర్థం పెరుగును. శబ్దార్థాలను ఇంత నిశితంగా తూచిన పండితుడు, తనను నాయకుని చేసిన నాటకంలో తానాల వెల్లువ నడుమ తన మాట వినిపించక నిలబడుట చూచియుండినచో ఏమనునో ఊహించుకొనవచ్చును. ఆయన నోటిదురుసు లోకప్రసిద్ధం.

తెలుగు రంగస్థలం ఈ రెండు పునరావృత్తులను ఎరుగును. స్థానం నరసింహారావు ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ. ఆయన ప్రసిద్ధమైన పాట ముత్తరాజు సుబ్బారావు నాటకంలోనిది కాదు, స్థానమే కూర్చుకొన్నది. కృష్ణుడు తన ఆనతిని మీరలేడన్న ఒకే ధీమాను ఆయన తిరిగి తిరిగి పలుకుచు, ప్రతిసారి ఒక కొత్త భావం చూపేవాడని చూచినవారు చెప్పుకొనేవారు. ఒకసారి గర్వం, ఒకసారి గారాబం, ఒకసారి లోలోపల తొలిచే సందేహం. కూచిపూడి భామ పదాభినయం తెలిసినవారికి ఇది కొత్త కాదు. ఇట్టిచోట మరల పాడుట కథకు అడ్డు కాదు. సత్యభామ మనస్సే ఆ మాట చుట్టు తిరుగుచున్నది. ఇది జగన్నాథుడు చెప్పిన అనుసంధానానికి రంగస్థలరూపం.

‘పాండవోద్యోగం’ రాయబార సన్నివేశం ఇంతకాలం నిలిచియుండుటకు కారణం కూడ ‘కట్యార్’ను నిలిపినదే. అచ్చట పద్యం సభలో చేసిన ప్రసంగం. తిరుపతి వేంకటకవులు అవధాన సభలలో ఆరితేరినవారు. ఎదుట వినేవారు లేక పద్యం చెప్పుట వారెరుగరు. కృష్ణుడు మాటాడుచున్నది కౌరవసభతో. ఆ సభకు కొనసాగింపే మన సభ. బందా కనకలింగేశ్వరరావు, పీసపాటి నరసింహమూర్తి వంటివారు పద్యాన్ని మాటగా పలుకుటకు ప్రయత్నించి మెప్పుపొందగలుగుటకు ఈ నిర్మాణం తోడ్పడినది.

‘హరిశ్చంద్ర’ కాటిసీను సంగతి వేరు. అర్ధరాత్రి, శ్మశానం, ఒంటరి మనిషి. అతని మాట వినుటకు కథలో ఎవరును లేరు. అక్కడ వన్స్‌మోర్ అను కేక శ్మశానంలోనికి వేయిమందిని తీసికొని వచ్చును. ఒకసారి కృంగిపోయిన మనిషి, కేక విని, కృంగుటకు పూర్వపు స్థితికి వెళ్ళి, మరల మొదటినుండి కృంగవలెను. బళ్ళారి రాఘవ పద్యాన్ని రాగంలో సాగదీయుటకు ఒప్పుకొనకపోవుటకు కారణం ఇట్టిచోటనే స్పష్టపడును. అయినను తెలుగు ప్రేక్షకుడు అన్నిటికన్న ఎక్కువగా వన్స్‌మోర్ అన్నది ఈ సన్నివేశంలోనే. అంతకన్న వింత: ఆ కేకలను అందుకొన్న పద్యాలలో కొన్ని బలిజేపల్లి లక్ష్మీకాంతం వ్రాసినవే కావు. గుఱ్ఱం జాషువా ‘శ్మశానవాటి’ ఖండికలోనివి. నటులు వానిని తెచ్చి హరిశ్చంద్రుని నోట పెట్టినారు, సభ ఔనన్నది, అవి అచ్చటనే స్థిరపడినవి. గోడపత్రిక మీద ఒక కవి పేరు, చప్పట్లు మరొక కవి పద్యాలకు. అయినను దీనిని దోషమనుటకు నోరు రాదు. రాజును కాటికాపరిని చేసిన ఘట్టానికి, చావు ముందర అందరు సమానులన్న జాషువా పలుకుకన్న తగినది లేదు. ప్రేక్షకుడు ఇక్కడ సంపాదకుడైనాడు, మంచి సంపాదకుడైనాడు.

ఆ సంపాదకుడే ‘చింతామణి’ని పాడుచేసినాడు.

కాళ్ళకూరి నారాయణరావు వేశ్యావ్యామోహాన్ని ఖండించుటకు ఈ నాటకం వ్రాసినాడు. లీలాశుకుని కథ దానికి ఆధారం; చివరకు చింతామణియే వైరాగ్యం పొందును. సుబ్బిశెట్టి అందులో ఒక విటుడు, హాస్యపాత్ర. కంట్రాక్టు నాటకాల కాలంలో, నటులను వేర్వేరు ఊళ్ళనుండి పిలిపించి ఒక రాత్రికి ఆడించుట అలవాటైన తరువాత, సభ ఎక్కడ నవ్విన అక్కడ మాట పెరిగినది. ఒక ఊరిలో పండిన చమత్కారం మరుసటి ఊరికి పోయి మరికొంత బరితెగించినది. భవానీశంకరుని పాత్ర, బిల్వమంగళుని పరివర్తన కుదించుకుపోయినవి. సుబ్బిశెట్టి సన్నివేశాలు ముద్రితగ్రంథంలో లేని సంభాషణలతో ఉబ్బిపోయినవి. వన్స్‌మోర్ పాటను తిరిగి పాడించినట్లే, నవ్వు బూతును తిరిగి పలికించినది. చాల ఊళ్ళలో ‘చింతామణి’ అనగా నాటకం కాదు, ఆ నాలుగు సన్నివేశాలు. సంఘసంస్కర్త వ్రాసిన నాటకం, చూచుటకు ఆడవారిని తీసికొనిపోగూడని నాటకమైనది.

నవ్వినవారే ప్రేక్షకులు కారు, నొచ్చుకొన్నవారును ప్రేక్షకులే. తమ కులాన్ని అవమానించుచున్నారని ఆర్యవైశ్యులు చిరకాలంగా అభ్యంతరం చెప్పినారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ నాటక ప్రదర్శనను నిషేధించినది. ఆ ఉత్తర్వును హైకోర్టులో సవాలు చేసినారు. ఈ వివాదంలో ఇరుపక్షాలవారు ‘చింతామణి’ అనే మాటను ఉపయోగించినారు గాని, ఒకరు చెప్పినది అచ్చయిన గ్రంథాన్ని గూర్చి, మరొకరు చెప్పినది తిరునాళ్ళలో చూచినదానిని గూర్చి. రెండింటికి మధ్య నూరేండ్ల నవ్వు ఉన్నది. 1927లో గతించిన రచయిత ఆ నవ్వుకు జవాబుదారి ఎట్లగును? అట్లని రచయిత పేరు చెప్పి, ఆ బూతును కూడ వాఙ్మయ స్వాతంత్ర్యం క్రిందికి తెచ్చుట సైతం న్యాయం కాదు.

భరతుడు ఇట్టి తగవులకు ఒక ఏర్పాటు చెప్పియున్నాడు. ప్రదర్శన గుణదోషాలలో భేదాభిప్రాయం వచ్చినపుడు ప్రాశ్నికులను అడుగవలెను; ఎవడు దేనిని ఎరుగునో దానిని అతడే నిర్ణయింపవలెను. యజ్ఞం చూపినచోట యజ్ఞవేత్త, ఛందస్సుకు ఛందోవేత్త, శబ్దానికి వైయాకరణుడు, ఆయుధవిద్యకు విలుకాడు, రాజుపాత్రకు రాజు. ఆ వరుసలో చిత్రకారుడున్నాడు, గాయకుడున్నాడు, వేశ్యయు ఉన్నది. ఈ న్యాయం ప్రకారం వర్తకుని పాత్రను నటుడు ఎట్లు పట్టినాడో చెప్పుటకు వర్తకునకు పూర్తి అధికారం ఉన్నది. అతని అభ్యంతరాన్ని అరసికత్వమని తోసివేయుటకు వీలులేదు. కాని అతడు తీర్పు చెప్పవలసినది ఆ నటుని పనిని గూర్చి. కాళ్ళకూరి ఛందస్సును గూర్చి, కథాసంవిధానాన్ని గూర్చి, చింతామణి వైరాగ్యాన్ని గూర్చి అడుగవలసినవారు వేరే ఉన్నారు. ఆ చివరిదానికి భరతుని పట్టికలోని ఆ ఒక్క స్త్రీనే అడుగవలెను.

2010 నాటి ‘కట్యార్’కు ఉన్న సౌకర్యం ‘చింతామణి’కి లేదు. అక్కడ నాటకం పాతబడినదే గాని చెడిపోలేదు. 1967లో అభిషేకి కూర్చిన బాణీలు రికార్డులలో భద్రంగా ఉన్నవి. పునఃప్రదర్శించినవారికి ఏది మూలమో తెలియును. ‘చింతామణి’ని పునఃప్రదర్శింపదలచినవాడు మొదట రంగంమీదినుండి దానిని దింపి, పుస్తకం తెరువవలెను. అచ్చులో ఉన్న సుబ్బిశెట్టిని, ఉన్నంతవరకే, ఒక మంచి నటుడు ఒక్క అక్షరం చేర్చక ఆడవలెను. ఆనాటి సభలో వెనుక వరుసలవారు నిరాశ చెందుదురు, ముందువరుసలోని పెద్దలు ఇంతేనా అని ఆశ్చర్యపడుదురు, అభ్యంతరం చెప్పినవారు ఏది తొలగింపవలెనో వెదకుకొందురు. ఎవరు ఎచ్చట వన్స్‌మోర్ అందురో అప్పుడుగాని తెలియదు.